ఒక్కొక్కటిగా దిగిన శాండ్‌విచ్‌లు

మా వంటింట్లో స్టవ్ పక్కన గోడకు కొట్టిన మేకుకు ఒక శాండ్‌విచ్ టోస్టర్ వేలాడుతూ ఉండేది. ఇప్పటివారికి ఆ పేరు చెప్పగానే వైరూ ప్లగ్గూ ఉన్న యంత్రం గుర్తుకు వస్తుంది గాని, నేను చెబుతున్నది కరెంటుతో పని లేనిది. అరచేతికన్నా కాస్త పెద్దవైన రెండు అల్యూమినియం పలకలు ఒక అంచున బందుతో కలిసి ఉండేవి. రెండో అంచు నుంచి రెండు పొడవాటి కాడలు బయలుదేరి, చివర నల్లటి బేకలైట్ పిడులతో ముగిసేవి. పలకల లోపలి వైపు సరిగ్గా ఒక బ్రెడ్ ముక్క పట్టేంత గుంట, ఆ గుంటను మూల నుంచి మూలకు రెండు త్రికోణాలుగా విడదీసే సన్నని గట్టు ఉండేవి. బ్రెడ్డు పెట్టి, మూసి, రెండు పిడులను దగ్గరకు నొక్కి, వాటి మీదుగా కమ్మీ కొక్కేన్ని జరిపితే, రెండు ముక్కల అంచులూ ఒకదానిలోకి ఒకటి నొక్కుకుపోయి, లోపలున్నదేదీ బయటికి రాకుండా అతుక్కునేవి. పై పిడికి నెరియ పడి ఉండడం వల్ల, దాన్ని పట్టుకోవడానికి నాలుగు మడతలు వేసిన పాత గుడ్డ ఒకటి అదే మేకుకు వేలాడేది.

సెలవురోజు మధ్యాహ్నం మాకు అదే భోజనం. వారమంతా రెండు పూటలా వండి విసిగిపోయిన అమ్మ, ఆ ఒక్క పూట పొయ్యి దగ్గర గిన్నెల సంఖ్య తగ్గించుకోవాలని పెట్టిన ఏర్పాటది. నిజానికి ఆమెకు దానివల్ల పని తగ్గిందో లేదో నాకిప్పటికీ అనుమానమే. కూరగాయలు సన్నగా తరగడం, బంగాళాదుంపలు ఉడికించడం, వెన్న రాయడం, కాల్చడం అన్నీ లెక్కవేస్తే మామూలు వంటకు పట్టే సమయం దీనికీ పట్టేది. అయితే ఆ పనిని అయిదుగురం పంచుకునేవాళ్ళం. మామూలు వంటలో మమ్మల్ని వంటింటి గుమ్మం దగ్గరే ఆపేసే అమ్మ, ఆ రోజు మాత్రం తలా ఒక పని చేతికిచ్చి లోపల నిలబెట్టేది.

ఆ టోస్టర్‌లో ఒక విడతకు ఒక్క శాండ్‌విచ్ మాత్రమే అయ్యేది. అయిదుగురున్న ఇంట్లో అది చిన్న విషయం కాదు. అందరం ఒకేసారి కూర్చుని తినడమనేది ఆ పూటకు ఉండేది కాదు. ఒకరు తింటుంటే ఒకరిది కాలుతూ, మరొకరిది చెక్క పలక మీద తయారవుతూ ఉండేది. వరుస ఎవరిదన్న పేచీ ప్రతిసారీ వచ్చేది. ఇలాంటి కథల్లో తల్లి అందరికీ పెట్టి చివర తినడం రివాజు గాని, మా అమ్మ మొదటిది తానే తినేది. టోస్టర్ ఇంకా సరిగ్గా వేడెక్కనందున మొదట దిగేది ఎప్పుడూ పాలిపోయి, మెత్తగా ఉండేది. "మొదటిది వేడి చూడడానికి, అది నాది" అని ఆమె ముందే ప్రకటించేది. తనకు అలా మెత్తగా ఉన్నదే ఇష్టమని మాకు తెలిసింది చాలా ఏళ్ళ తరువాత. ఆమె స్టవ్ దగ్గరే నిలబడి, ఒక చేత్తో తన ముక్క తింటూ, రెండో చేత్తో తరువాతివాళ్ళది తిప్పుతూ ఉండేది.

రెండోది తమ్ముడిది, మూడోది నాది, నాలుగోది అక్కది, అయిదోది నాన్నది. ఈ వరుసలో ఒక మర్మం ఉండేది. అల్యూమినియం త్వరగా వేడెక్కుతుంది, ఆ వేడిని పలకంతటికీ త్వరగా పంచుతుంది. కాని మంట అంతే ఉంచి వరుసగా కాలుస్తూ పోతే నాలుగో విడతకు పలక మితిమీరి వేడెక్కి, లోపల చీజ్ కరగకముందే పైన మాడు రంగు వచ్చేస్తుంది. అందువల్ల ఒక్కో విడతకు అమ్మ మంటను ఒక్కో పిసరు తగ్గించేది. నాన్నకు ముదురు గోధుమరంగు, అంచుల దగ్గర కాస్త నలుపు తిరిగింది ఇష్టం కాబట్టి ఆయన చివర ఉండడానికి అభ్యంతరం చెప్పేవారు కాదు. అందరికన్నా సరైన రంగుతో దిగేది మూడోదని, అంటే నాదని, అక్క చాలాకాలం నామీద గుర్రుగా ఉండేది.

పెద్దయ్యాక ఈ సాధనాల చరిత్ర చదివినప్పుడు, మా మేకుకు వేలాడిన టోస్టర్‌కు ఇంత వంశవృక్షం ఉందా అని ఆశ్చర్యపోయాను. చార్లెస్ చాంపియన్ అనే అమెరికన్‌కు ఇటువంటి శాండ్‌విచ్ టోస్టర్ మీద 1925లో పేటెంటు వచ్చింది. ఆస్ట్రేలియాలో 1949లో స్మిథర్స్ అనే వైద్యుడు గుండ్రటి పలకలున్న మరో రకానికి పేటెంటు తీసుకున్నాడు. దాన్ని ఆరుబయట నెగడు మీద పెట్టి కాల్చుకునేవారు. అదే దేశంలో 1974లో బ్రెవిల్ సంస్థ, బ్రెడ్డును త్రికోణాలుగా నొక్కి అంచులు మూసే కరెంటు యంత్రాన్ని ఇళ్ళలోకి తెచ్చింది. అంచులు మూయడం, మధ్యలో గట్టు పెట్టి విడదీయడం అన్న ఉపాయం పొయ్యి మీదిదానికీ కరెంటుదానికీ ఒక్కటే. రొట్టె పొర లోపల ఆవిరిని బంధించి, ఆ ఆవిరితోనే లోపలి పదార్థాన్ని ఉడికించడం దాని పని. అందువల్లే అంచులు మూసిన శాండ్‌విచ్‌కూ, రెండు చదును పలకల మధ్య ఒత్తిన శాండ్‌విచ్‌కూ రుచిలో పోలిక తక్కువ. నేను మొదటి పక్షం వాణ్ణి.

బ్రెడ్డు ఎంచుకోవడం అక్క పని. పొట్లం విప్పి, ముక్కల వరుస చెదరకుండా బయటికి తీసి, పక్కపక్కనున్న ముక్కలనే జతలుగా కట్టేది. బ్రెడ్డు ఒక చివర నుంచి మరో చివరకు ఒకే కొలతలో ఉండదు; నడుమ కాస్త ఉబ్బి, చివర్లలో సన్నబడుతుంది. ఒక ముక్క ఇక్కడిదీ ఒక ముక్క అక్కడిదీ కలిపితే అంచులు కలవవు, కలవని చోట నుంచి చీజ్ కారి పలకకు అంటుకుని మాడుతుంది. పక్కపక్క ముక్కలను పుస్తకం తెరిచినట్టు తెరిచి, మధ్యలో కూర పెట్టి, మళ్ళీ అలాగే మూస్తే అంచుకు అంచు అతికినట్టు కూర్చుంటుంది. ఈ సంగతి అక్కకు ఎవరూ చెప్పలేదు, తనంతట తానే కనిపెట్టింది. తమ్ముడు ఆకలికి ఆగలేక చేతికందిన రెండు ముక్కలు తీసుకుంటే, "ఆ రెండూ జత కావురా" అని వాడి చేతిలోంచి లాక్కునేది.

ముక్కలు ఒకే మందంలో ఉండడం కూడా మనం తేలిగ్గా తీసుకునే సౌకర్యం. ఒట్టో రోహ్వెడర్ తయారుచేసిన యంత్రంతో కోసిన బ్రెడ్డు అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో చిల్లికోతి అనే ఊరిలో 1928 జూలై 7న మొదటిసారి అమ్మకానికి వచ్చింది. అంతకుముందు ఎవరింట్లో వాళ్ళు కత్తితో కోసుకోవలసిందే. చేత్తో కోసిన ముక్క ఒక పక్క లావుగా, ఒక పక్క పలుచగా వస్తే, పలకల మధ్య లావు పక్క మాత్రమే లోహాన్ని తాకుతుంది, పలుచ పక్క తెల్లగా మిగులుతుంది. ఇంట్లో కాల్చిన బ్రెడ్డుతో ఈ శాండ్‌విచ్ చేయబోయినవారికి ఈ ఇబ్బంది అనుభవమే.

బ్రెడ్డును ముందురోజే తెచ్చి ఉంచాలని అమ్మ నియమం. అప్పుడే కాల్చిన బ్రెడ్డును ఒత్తితే నలిగి, ముద్దై, పిండి రూపానికి తిరిగిపోతుందని ఆమె అనేది. అది నిజమే. బ్రెడ్డు పాతబడడమంటే కేవలం తడి ఆరిపోవడం అనుకుంటాం గాని, అందులోని పిండిపదార్థం చల్లారే కొద్దీ తిరిగి స్ఫటికంలా గట్టిపడడమే అసలు కారణం. ఫ్రిజ్‌లో ఉండే చల్లదనంలో ఆ మార్పు బయటికన్నా వేగంగా జరుగుతుంది కాబట్టి, ఫ్రిజ్‌లో పెట్టిన బ్రెడ్డు ఒక్క రోజులోనే బిరుసెక్కుతుంది. ఇందులో శుభవార్త ఏమిటంటే, మళ్ళీ 60 డిగ్రీలు దాటి వేడి చేస్తే ఆ గట్టిదనం విడిపోతుంది. నిన్నటి బ్రెడ్డు పలకల ఒత్తిడికి నిలబడేంత గట్టిగానూ ఉంటుంది, కాలాక లోపల కొత్తదానిలా మెత్తబడుతుంది కూడా.

వెన్న రాయడం నా వాటాకు వచ్చిన పని. పొద్దున్నే గిన్నెలోకి తీసి బయట పెట్టిన వెన్న మధ్యాహ్నానికి వేలితో నొక్కితే గుంట పడేంత మెత్తబడేది. చల్లటి వెన్నను రాస్తే కత్తితో పాటు బ్రెడ్డు కూడా పొరలుగా లేచివస్తుంది. బయటి వైపున అంచు నుంచి అంచు దాకా, మూలలతో సహా రాయాలి. రాయని మూల తెల్లగా మిగిలి నన్ను పట్టిచ్చేది. వెన్నలో నూటికి 80 వంతుల కొవ్వు, 16 వంతుల దాకా నీరు ఉంటాయి. టోస్టర్ మూయగానే వినిపించే సుయ్యిమన్న చప్పుడు ఆ నీరు ఆవిరవుతున్న చప్పుడే. అది మెల్లగా సన్నగిల్లి, ఆగీ ఆగకుండా చిటపటలుగా మారినప్పుడు మొదటి వైపు తిప్పే వేళ అయిందని అర్థం. పలక తెరిచి చూస్తే వేడి పోతుంది, అతుక్కోబోతున్న అంచులు విడిపోతాయి కాబట్టి, అమ్మ చూడకుండా చెవితోనే చెప్పేది. ఎదురుగా నిలబడి వినేవాళ్ళకు కొన్నాళ్ళకు అది పట్టుబడిపోతుంది.

వెన్నకు బదులు మయొనైజ్ రాసే పద్ధతి తరువాతి కాలంలో నేనూ ప్రయత్నించాను. అందులో నూనె, గుడ్డు సొన కలిసి ఉంటాయి కాబట్టి రంగు సమంగా, తొందర లేకుండా వస్తుంది, మెత్తగా ఉంటుంది కాబట్టి రాయడమూ సులువు. అందంగా కాలుతుందనడంలో సందేహం లేదు. కాని వెన్నలోని పాల పదార్థం గోధుమరంగుకు తిరిగేటప్పుడు వచ్చే ఆ వాసన దానికి రాదు. వంటింట్లోంచి వీధి గుమ్మం దాకా మమ్మల్ని పిలిచింది ఆ వాసనే కాబట్టి నేను మళ్ళీ వెన్న దగ్గరికే వచ్చాను.

ఇక లోపల పెట్టేవాటి గురించి రాయాలంటే ఒక్కో మనిషి గురించి రాయాలి. నాన్నకు ఉడికించిన బంగాళాదుంపను మెదిపి, మిరియాల పొడి, ఉప్పు కలిపి, పైన ఉల్లిపాయ చక్రాలు పెట్టాలి. అక్కకు క్యాప్సికం ముక్కలు, అవీ ముందుగా పెనం మీద వేయించి నీరు పోయాకనే. నాకు టమాటా, చీజ్. తమ్ముడికి చీజ్ తప్ప మరేదీ వద్దు. అమ్మకు ఏది మిగిలితే అది అనేవాళ్ళం గాని, మొదటిది ఆమెదే కాబట్టి ఆ పాటికి ఏదీ మిగలడమన్న ప్రశ్నే లేదు. తనకు కావలసింది ఎంచుకుని, ఉడికించిన గుడ్డు చక్రాలు, కాస్త మిరియాల పొడి పెట్టుకునేది.

టమాటా విషయంలో అమ్మ చాలా కఠినంగా ఉండేది. పలుచటి చక్రాలుగా కోసి, గింజలున్న జిగురు భాగాన్ని వేలితో తోసేసి, ఉప్పు చల్లి, శుభ్రమైన గుడ్డ మీద పరిచి, కాసేపు వదిలేయమనేది. ఉప్పు నీటిని బయటికి లాగుతుంది. గుడ్డ ఎత్తి చూస్తే కింద తడి మచ్చలు గుండ్రంగా కనిపించేవి. ఆ నీరంతా బ్రెడ్డులోకి దిగితే ఎంత కాల్చినా లోపలి పొర తడి ముద్దగానే ఉంటుంది. అదీగాక, మూసిన శాండ్‌విచ్‌లో టమాటా అంత కాల్చే పదార్థం మరొకటి లేదు. నీరు ఎక్కువ వేడిని దాచుకుంటుంది, బ్రెడ్డు తక్కువ దాచుకుంటుంది. పై పొర చేతికి ఓర్చుకునేంత చల్లారినా లోపల టమాటా ఇంకా మరిగినంత వేడిగా ఉంటుంది. తమ్ముడు ఒకసారి నా దాంట్లోంచి ఒక కొరుకు కొరికి నోరు తెరిచి వంటింట్లో చిందులు తొక్కడం, నాన్న నీళ్ళ గ్లాసుతో వాడి వెంటపడడం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంటుంది. వాడు ఆ తరువాత చీజ్ తప్ప మరేదీ వద్దనడానికి అదే కారణమని నా అభిప్రాయం, వాడు ఒప్పుకోడు.

చీజ్ అంటే మా చిన్నతనంలో డబ్బాలో వచ్చే ప్రాసెస్డ్ చీజ్ ఒక్కటే మాకు తెలుసు. దాన్ని చులకనగా మాట్లాడేవారిని తరువాత చాలామందిని చూశాను. అసలైన చీజ్ కాదంటారు. కాని కరగడంలో దానికి సాటి లేదు, అందుకు కారణం కూడా ఉంది. ముదిరిన చీజ్‌ను వేడి చేస్తే అందులోని మాంసకృత్తులు దగ్గరికి ముడుచుకుని, కొవ్వును బయటికి తోసేస్తాయి. నూనె తేలి, మిగిలింది పీచులా అవుతుంది. 1911లో స్విట్జర్లాండ్‌లో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ స్టెట్లర్ అనే ఇద్దరు, చీజ్‌ను సిట్రేట్ లవణంతో కలిపి వేడి చేస్తే అది అలా విరిగిపోదని కనుగొన్నారు. ఆ లవణం మాంసకృత్తులను పట్టి ఉంచే కాల్షియాన్ని తనవైపు లాక్కుంటుంది; అప్పుడవి విడివడి, కొవ్వును, నీటిని తమలో సమంగా పట్టుకుంటాయి. అమెరికాలో జేమ్స్ క్రాఫ్ట్ తన పద్ధతికి 1916లో పేటెంటు తీసుకున్నాడు. శాండ్‌విచ్‌లో చీజ్‌కు రుచి ఒక్కటే ఉంటే చాలదు. అది జిగురుగా కూడా పనిచేయాలి. అందుకే అమ్మ తురిమిన చీజ్‌ను కింద కొంచెం, పైన కొంచెం వేసి, నడుమ కూరగాయలు పెట్టేది. రెండు వైపులా బ్రెడ్డుకు అతుక్కుని, కొరికినప్పుడు టమాటా చక్రం మొత్తం ఊడి రాకుండా ఆపుతుంది. ఇప్పుడు నేను ముదిరిన చీజ్ కొంత, ప్రాసెస్డ్ చీజ్ కొంత కలిపి తురుముతాను. మొదటిది రుచికి, రెండోది కరగడానికి.

ఒత్తడంలో ఏముందని అడిగినవాళ్ళు ఉన్నారు. మామూలు టోస్ట్‌కూ దీనికీ తేడా ఒత్తడంలోనే ఉంది. బ్రెడ్డు నిండా గాలి గదులు. గాలి వేడిని సరిగ్గా లోపలికి పోనివ్వదు. పలకల మధ్య నొక్కినప్పుడు ఆ గదులు కుదించుకుపోయి, పైపొరంతా లోహానికి ఆనుకుంటుంది, వేడి చకచకా లోపలికి దిగుతుంది. పైపొరలో నీరు ఉన్నంతసేపూ దాని వేడి 100 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది. నీరు పోయి 140 డిగ్రీలు దాటాక రంగు, వాసన చకచకా పుట్టుకొస్తాయి. ఈ రసాయన చర్యను 1912లో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ కమీల్ మయార్ వివరించాడు, ఆయన పేరుతోనే దాన్ని పిలుస్తారు. కాఫీ గింజలు వేగడంలో, రొట్టె పెంకు ఎర్రబడడంలో జరిగేదీ అదే. అయితే ఒత్తిడికీ హద్దు ఉంది. కొక్కెం పడడం లేదని రెండు చేతులతో బలంగా నొక్కామంటే లోపల పెట్టింది ఎక్కువైందని అర్థం; అప్పుడు కొంత తీసేయాలి తప్ప నొక్కకూడదు. అమ్మ చేతిలో కొక్కెం ఒక్క వేలితో జరిగేది.

కరెంటు యంత్రం మా ఇంటికి అక్క మొదటి జీతంతో వచ్చింది. ఎర్ర దీపం, ఆకుపచ్చ దీపం, ఒకే విడతలో రెండు శాండ్‌విచ్‌లు. లోపల రెండు రకాల లోహాలు అతికించిన చిన్న పట్టీ ఒకటి వేడికి వంగి కరెంటును ఆపుతుందని, చల్లారాక నిటారుగా వచ్చి మళ్ళీ కలుపుతుందని, ఆకుపచ్చ దీపం వెలిగిందంటే అర్థం అదేనని నాన్న మాకు విప్పి చూపకుండానే కాగితం మీద గీసి చూపారు. పలకల మీద నల్లటి నాన్‌స్టిక్ పూత ఉండడంతో వెన్న అంతగా అక్కరలేకపోయింది. ఆ పూతలోని పదార్థాన్ని రాయ్ ప్లంకెట్ 1938లో అనుకోకుండా కనుగొన్నాడు. 260 డిగ్రీలు దాటితే అది చెడడం మొదలవుతుంది కాబట్టి ఖాళీగా వేడి చేస్తూ వదిలేయకూడదు, ఇనుప అట్లకాడ తగలనివ్వకూడదు. తమ్ముడి చాకు గీతలు పడ్డాకనే ఆ రెండో నియమం మా ఇంట్లో అమలులోకి వచ్చింది.

అన్యాయంగా మాట్లాడకూడదు. ఆ యంత్రం మంట చూడవలసిన పని తప్పించింది, రంగు ఒక్కలా తెచ్చింది, అమ్మను స్టవ్ దగ్గర నుంచి కుర్చీలోకి చేర్చింది. అయినా నాకు దానితో రెండు పేచీలున్నాయి. మొదటిది, దాని పలకల మీదున్న గాడులు. బ్రెడ్డు మీద నల్లటి చారలు పడితే చూడడానికి బాగుంటుంది గాని, చార పడిన చోట మాత్రమే లోహం గట్టిగా ఆనుతుంది, నడుమనున్న భాగం ఆవిరికి మెత్తబడి మిగిలిపోతుంది. కరకరలాడాలంటే చదును పలకే మేలు. రెండోది, దాని బందు. బందు ఒకే ఎత్తులో బిగించి ఉండడం వల్ల లావు శాండ్‌విచ్ పెడితే వెనుక వైపు నలిగి, లోపలిదంతా ముందుకు తోసుకొచ్చేది. ఖరీదైన యంత్రాల్లో బందు పైకీ కిందికీ కదులుతుంది, పై పలక ఎంత మందానికైనా సమాంతరంగా దిగుతుంది; కొనేవారు మరేమీ చూడకపోయినా ఆ ఒక్కటీ చూసుకోవడం మంచిది.

ఉద్యోగం కోసం ఒక్కణ్ణే వేరుగా ఉన్న కాలంలో నా దగ్గర ఆ రెండింటిలో ఏదీ లేదు. ఒక పెనం, ఒక మందపాటి అడుగున్న గిన్నె ఉండేవి. వెన్న రాసిన శాండ్‌విచ్‌ను పెనం మీద పెట్టి, పైన వెన్న కాగితం పరిచి, గిన్నెలో సగం దాకా నీళ్ళు పోసి దాని మీద నిలబెట్టేవాణ్ణి. బరువు సమంగా పడుతుంది, కింది వైపు బ్రహ్మాండంగా కాలుతుంది. పై వైపు వేడి లేదు కాబట్టి తిప్పి మళ్ళీ పెట్టాలి. రెండో వైపు బరువు తగ్గించాలి, ఎందుకంటే అప్పటికి చీజ్ కరిగి ఉంటుంది, ఎక్కువ బరువుకు పక్కల నుంచి జారిపోతుంది. ఇక్కడ అంచులు మూసుకోవు. ఆ లోటు ఒక్కటి తప్పిస్తే, ఒంటరి మధ్యాహ్నానికి అది సరిపోయే భోజనం. ఎవరి వంతు ముందు అన్న పేచీ లేకుండా తినే శాండ్‌విచ్ త్వరగా అయిపోతుందని మాత్రం అప్పుడు గమనించాను.

దించిన తరువాత ఏం చేయాలన్నది చాలామంది పట్టించుకోరు. కాలిన శాండ్‌విచ్‌ను నేరుగా పళ్ళెంలో పెడితే, దాని ఆవిరి కిందనే చిక్కుకుని అడుగు పొరను మెత్తబరుస్తుంది, అంత కష్టపడి తెచ్చిన కరకర నిమిషంలో పోతుంది. నాన్న దీనికి తీగ జాలీని కనిపెట్టారు. దాని మీద రెండు నిమిషాలు ఉంచేవారు. కింద కూడా గాలి ఆడుతుంది, లోపల చీజ్ కాస్త గట్టిపడి కోసేటప్పుడు కారకుండా ఉంటుంది. ఆ రెండు నిమిషాల నిరీక్షణే మాకు అన్నిటికన్నా కష్టం. తరువాత పళ్ళున్న కత్తిని గట్టు గీసిన చోట పెట్టి, రంపంలా ఆడించకుండా, నేరుగా కిందికి నొక్కేవారు. కరుక్కుమన్న ఒక్క చప్పుడుతో రెండు త్రికోణాలూ విడిపోయేవి. మూల నుంచి మూలకే ఎందుకు కోయాలని నేనడిగితే, ఆయన పెన్సిల్ తీసి, 10 సెంటీమీటర్ల చదరపు ముక్కను అడ్డంగా కోస్తే తెరుచుకునే అంచు 10 సెంటీమీటర్లే, మూలగా కోస్తే 14 అని లెక్క చూపించారు. "పెంకు లేని చోట కొరకడానికి నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ దొరుకుతుందిరా" అన్నారు. లెక్కల పుస్తకంలోని కర్ణం నాకు మొదటిసారి ఉపయోగపడింది అక్కడే.

అందరివీ అయ్యాక, ఇంకొకటి ఉండేది. స్టవ్ ఆపేసినా టోస్టర్ చాలాసేపు వేడిగానే ఉంటుంది కాబట్టి, ఆ వేడి వృథా పోకూడదని అమ్మ చివరగా తీపిది పెట్టేది. పండిన అరటిపండును గుండ్రంగా తరిగి, వెన్న రాసిన బ్రెడ్డు మీద పరిచి, చెంచాడు పంచదార చల్లి మూసేది. మంట లేకుండా, ఉన్న వేడితోనే అది నెమ్మదిగా కాలేది. పంచదార కరిగి పలక అంచుల దగ్గర బంగారు రంగు పెంకుగా గట్టిపడేది. ఆ పెంకును వేలితో ఊడదీసుకోవడానికి ముగ్గురం కాచుకుని ఉండేవాళ్ళం. త్రికోణాలు రెండే, మనుషులు అయిదుగురు. ఒక దాన్ని అమ్మ, నాన్న పంచుకునేవారు. రెండోదాన్ని ముగ్గురికి సమంగా కోయడం అంత తేలిక కాదు, త్రికోణాన్ని మూడు సమభాగాలు చేయడం ఎలాగో నాన్న ఎన్నడూ గీసి చూపలేదు.

కరిగిన పంచదార చల్లారితే గాజులా బిగుసుకుంటుంది. గట్టు మూలల్లో చిక్కుకున్నదాన్ని గీకితే అల్యూమినియం మీద గీతలు పడతాయి గాని అది రాదు. టోస్టర్‌ను తెరిచి వేడినీళ్ళలో ముంచి నానబెడితే దానంతటదే కరిగిపోతుంది. పిడులలోకి నీళ్ళు దిగకుండా పలకలను మాత్రమే ముంచి, కాడలను గిన్నె అంచుకు ఆనించి పట్టుకోవాలి. తీపిది కావాలని ఎప్పుడూ అడిగేది తమ్ముడే కాబట్టి ఆ పని వాడికే అప్పజెప్పారు. వాడు కుర్చీ ఎక్కి, నీళ్ళ తొట్టి ముందు నిలబడి, "అన్నయ్యా, కాస్త పట్టుకోవూ" అని పిలిచేవాడు. ఆ పాటికి నేనూ అక్కా వంటింట్లోంచి మాయమై ఉండేవాళ్ళం.